రువాన్ జీ : మద్యపానము – తంత్రీవాదనము

సుందరకాండలో హనుమంతుడు అర్ధరాత్రివేళ రావణాంతఃపురాన్ని పరికించిన ఘట్టం సంస్కృతాంధ్ర విద్యార్థులందరికీ సుపరిచితమే. మధుపానానంతరం నిద్రించిన స్త్రీలలో ఒకతె వీణను, ఒకతె పటహాన్ని, మరొకతె విపంచిని కౌగిలించుకొని పడి ఉన్నట్లు వాల్మీకి వర్ణించినాడు. వాద్యం చేతిలో ఉండగానే మత్తు కమ్మిన స్థితికి అంతకంటె స్ఫుటమైన చిత్రణ మన వాఙ్మయంలో అరుదు. అక్కడ మద్యమూ వీణా రెండూ భోగసామగ్రిలో భాగాలే. వాత్స్యాయనుడు వర్ణించిన నాగరకుని జీవితమూ అటువంటిదే. అతని పడకటింట నాగదంతానికి వీణ వేలాడుతూ ఉంటుంది. మిత్రుల ఇండ్లలో వంతులవారీగా ఆపానకాలు జరుగుతుంటాయి.

కామసూత్ర రచనాకాలమని పలువురు పండితులు భావించే క్రీస్తు శకం 3వ శతాబ్దిలోనే, చైనా దేశంలో, ఒక చేత మద్యపాత్రను, మరొక చేత తంత్రీవాద్యాన్ని పట్టి ప్రసిద్ధికెక్కిన కవి ఒకడున్నాడు. అతని పేరు రువాన్ జీ. అతని యందు ఈ రెండింటికీ ఉన్న ప్రయోజనం భోగం కాదని, ప్రాణరక్షణమని ఆ దేశపు చరిత్రకారులే నిర్ణయించినారు. ఆ నిర్ణయం ఎంతవరకు సమంజసమో అతని జీవితఘట్టాలను వరుసగా చూస్తేగాని తేలదు. అతని పానాన్ని గూర్చి చెప్పుకొనే కథలు అనేకం. అతని వాదనాన్ని గూర్చి తెలిసేది స్వల్పం. ఈ వ్యత్యాసం కూడ విచారణీయమే.

ముందుగా ఆ వాద్యాన్ని గూర్చి, ఆ మద్యాన్ని గూర్చి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. చైనీయులు చిన్ అని పిలిచే వాద్యం ఏడు తంత్రులు గలది. పొడవైన కొయ్యపెట్టె వంటి దానిని బల్లపైనో ఒడిలోనో అడ్డంగా ఉంచి వాయిస్తారు. మన వీణకున్నట్లు దానికి మెట్లు ఉండవు. స్వరస్థానాలను సూచించే 13 చుక్కలు మాత్రం అంచున పొదిగి ఉంటాయి. కుడిచేయి మీటుతుంటే ఎడమచేయి తంత్రిపై జారుతూ గమకాలను పలికిస్తుంది. నాదం అతి స్వల్పం, ప్రక్కగదిలోనికి కూడ స్పష్టంగా వినరాదు. సభారంజనానికి గాక ఆత్మసంస్కారానికే ఈ వాద్యమని అక్కడి శిష్టుల మతం. ఇక మద్యమన్నది ఆ కాలాన అక్కడ ధాన్యాన్ని పులియబెట్టి తీసినది, బట్టీపెట్టినది కాదు. మనుస్మృతి చెప్పే గౌడీ, పైష్టీ, మాధ్వీ అనే సురాభేదాలలో పైష్టికి సన్నిహితమని భావించవచ్చు. తీక్ష్ణత తక్కువ కావడం చేతనే ముందు చెప్పబోయే పరిమాణాలు నమ్మదగినవిగా ఉన్నవి.

రువాన్ జీ 210లో జన్మించినాడు. నేటి హనాన్ రాష్ట్రంలోని కైఫెంగ్ నగరానికి సమీపాన ఉన్న వెయ్‌షీ అతని వంశీయుల స్థానం. తండ్రి రువాన్ యూ ప్రసిద్ధ కవి. త్సావ్ త్సావ్ ఆస్థానంలో లేఖకుడు, ఆ తరపు సప్తకవులలో ఒకడు. బాల్యంలో త్సాయ్ యుంగ్ అనే మహాపండితుని వద్ద చదువుకొన్నాడు. ఆ త్సాయ్ యుంగ్ చిన్ వాద్యంలో పరమ ప్రామాణికుడు. త్సావ్ త్సావ్ పిలుపును తిరస్కరించి కొండలలో దాగిన రువాన్ యూను అడవికి నిప్పు పెట్టించి బయటికి రప్పించినారని, అప్పుడు అతడు చిన్ వాయించి ఆశువుగా పాడి ప్రభువును మెప్పించినాడని ఒక కథ ఉన్నది. 5వ శతాబ్ది వ్యాఖ్యాత పెయ్ సుంగ్‌జీ ఈ కథ అసత్యమని సహేతుకంగా ఖండించినాడు. అయినా, ఆ కుటుంబానికి చిన్‌తో ఉన్న అనుబంధం లోకానికి ఎంత సహజంగా తోచినదో ఆ కథ తెలుపుతున్నది. 212లో తండ్రి మరణించినాడు. అప్పటికి రువాన్ జీ పసివాడు. పెంచినది తల్లి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలె.

అతడు నెలల తరబడి తలుపులు మూసికొని చదివేవాడనీ, కొండలెక్కి ఇల్లు చేరడం మరచిపోయేవాడనీ, లోకులు అతనిని వెర్రివాడనుకొన్నారనీ 'జిన్ షూ' అనే రాజవంశ చరిత్ర చెప్తున్నది. మద్యమన్న ప్రీతి, ఈలపాటలో నేర్పు, చిన్ వాదనంలో ప్రావీణ్యం అనే మూడింటిని ఆ గ్రంథం ఒక్క వరుసలో పేర్కొన్నది. అయితే ఆ గ్రంథం 648లో పూర్తి అయినది. అనగా కవి మరణానికి దాదాపు నాలుగు వందల ఏండ్ల తరువాతిది. దానికి ఆధారమైన వాటిలో ముఖ్యమైన 'షి ష్వో షిన్ యూ' కూడ 5వ శతాబ్ది నాటి చాటుకథల సంపుటి. కనుక ఈ కథలలో ప్రతి వివరాన్నీ యథాతథంగా గ్రహించరాదు. వాటి సారం మాత్రం కవి స్వీయరచనలతో చాలవరకు పొసగుతున్నది.

అతని యౌవనం ముగిసే నాటికి దేశస్థితి విషమించినది. వెయ్ రాజ్యంలో సింహాసనం త్సావ్ వంశానిదైనా అధికారం కోసం సీమా వంశం పొంచి ఉన్నది. త్సావ్ ష్వాంగ్ అనే రాజబంధువు రువాన్ జీని తన కొలువులోనికి పిలిచినాడు. అతడు అనారోగ్యమని చెప్పి పల్లెకు వెళ్లిపోయినాడు. 249లో సీమా యీ తిరుగుబాటు చేసి త్సావ్ ష్వాంగ్‌ను, అతని బంధువర్గాన్నీ సమూలంగా హతమార్చినాడు. ఆ కొలువులో చేరిన పండితులు అనేకులు ఆనాడే నశించినారు. కవి దూరదృష్టిని లోకం మెచ్చుకొన్నది. కాని ఆ మెప్పే అతనికి చెరసాల అయినది. విజేతలైన సీమాలకు పేరున్న పండితులు అవసరం. ఒకసారి రోగమని తప్పించుకొన్నవాడు రెండవసారి అదే సాకు చెప్పలేడు. సీమా యీ వద్ద, అతని కుమారులిద్దరి వద్ద వరుసగా రువాన్ జీ ఉద్యోగి అయినాడు. మొదట అతనికి లోకహితం చేయవలెననే ఆశయం ఉండేదని, ప్రసిద్ధులలో ప్రాణాలతో మిగిలినవారు కొద్దిమందే కావడం చూచి ప్రభుత్వ వ్యవహారాలకు దూరమై నిత్యపానంలో మునిగినాడని 'జిన్ షూ' స్పష్టంగా వ్రాసినది.

ఈ కాలంలోనే వేణువన సప్తమిత్రులనే గోష్ఠి ఏర్పడినట్లు సంప్రదాయం. షీ కాంగ్, షాన్ తావ్, షియాంగ్ ష్యూ, ల్యూ లింగ్, వాంగ్ రుంగ్, రువాన్ జీ, అతని అన్నకొడుకు రువాన్ షియెన్ అనేవారు ఆ ఏడుగురు. వారు వెదురుతోపులో కలిసి త్రాగుతూ, వాయిస్తూ, తత్త్వచర్చ సాగించేవారని ప్రతీతి. వీరిలో షీ కాంగ్ చిన్ వాదనంలో అగ్రగణ్యుడు, ఆ వాద్యంపై ఒక గద్యకావ్యం రచించినవాడు. ల్యూ లింగ్ పూర్తిగా మద్యానికే అంకితుడు. రువాన్ జీ వీరిద్దరికీ నడుమ నిలుస్తాడు.

అతని పానవాదనాలు రెండూ ఒక్కచోట కలిసిన ఘట్టం తల్లి మరణం. వార్త వచ్చినప్పుడు అతడు చదరంగాన్ని పోలిన వెయ్‌చీ ఆడుతున్నాడు. ఎదుటివాడు ఆట ఆపుదామన్నా వినక పూర్తి చేసినాడు. ఆ తరువాత రెండు దౌల మద్యం, అనగా సుమారు నాలుగు లీటర్లు, త్రాగి పెద్దగా ఒక్క కేక పెట్టి రక్తం కక్కుకొన్నాడు. అంత్యక్రియల వేళ మాంసం తిని, మళ్లీ అంతే త్రాగి, వీడ్కోలు పలికి మరల రక్తం కక్కి కృశించిపోయినాడు. చైనీయ ధర్మశాస్త్రం ప్రకారం మాతృశోకంలో ఉన్నవానికి మద్యమూ మాంసమూ సంగీతమూ నిషిద్ధాలు. మన ఆశౌచ నియమాల కంటె దీర్ఘమైనది ఆ దీక్ష, మూడవ సంవత్సరం దాకా సాగుతుంది. పరామర్శకు షీ కాంగ్ అన్న షీ షీ వచ్చి శాస్త్రోక్తంగా విలపించినాడు. రువాన్ జీ కనుగ్రుడ్లు తిప్పి తెల్లగ్రుడ్డు మాత్రమే కనబడేటట్లు చూచినాడు. వచ్చినవాడు నొచ్చుకొని వెళ్లిపోయినాడు. అది విని షీ కాంగ్ ఒక చంకన చిన్‌ను, చేత మద్యాన్ని పట్టుకొని వచ్చినాడు. కవి సంతోషించి నల్లకనుపాపలతో ఆదరంగా చూచినాడు. చైనా భాషలో ఆదరానికీ తిరస్కారానికీ కన్నుల వర్ణాలతో కూడిన నానుడులు నేటికీ నిలిచి ఉన్నవి.

ఈ ఘట్టాన్ని కేవలం ఆచారధిక్కారంగా చెప్పడం పరిపాటి. నా దృష్టిలో అంతకంటె ఎక్కువ ఉన్నది. శోకదీక్షను అక్షరాలా పాటిస్తూ, ఆ దీక్ష పేరిటనే ప్రత్యర్థులపై ధర్మద్రోహమనే నేరం మోపి వధిస్తున్న కాలమది. మాతృభక్తి రాజకీయాయుధమైనప్పుడు నిజమైన మాతృభక్తుడు ఏ రూపాన దుఃఖించగలడు? షీ కాంగ్ తెచ్చిన రెండు వస్తువులూ శాస్త్రనిషిద్ధాలే. మిత్రుని దుఃఖం శాస్త్రంలో ఇమిడేది కాదని గ్రహించిన ఒక్కడు అతడే. ఆ రోజు ఆ వాద్యాన్ని ఎవరు వాయించినారో, వాయించినారో లేదో కూడ గ్రంథాలు చెప్పవు. రక్తవమనం మాత్రం నటన అనడానికి వీలులేదు. హ జెంగ్ అనే మంత్రి, శోకకాలంలో త్రాగి మాంసం తిన్నవానిని దేశం నుండి వెళ్లగొట్టవలెనని నిండుసభలో ఫిర్యాదు చేసినాడు. సీమా జావ్ అంగీకరించలేదు. కవి కృశించిన శరీరాన్నే చూపి అతనిని కాపాడినాడు.

ఈ సీమా జావ్‌కూ కవికీ ఉన్న సంబంధమే అతని జీవితంలోని చిక్కుముడి. సీమా జావ్ తన కుమారుడు సీమా యెన్‌కు రువాన్ జీ కుమార్తెను అడుగనెంచినాడు. కవి 60 దినాలు వరుసగా మత్తులో ఉండిపోయినాడు. మాట ఎత్తే అవకాశమే దొరకక ఆ సంబంధం ఆగిపోయినది. జుంగ్ హ్వే అనే కుటిలుడు సమకాలిక విషయాలపై అభిప్రాయం అడిగి, అవునన్నా కాదన్నా నేరంగా మార్చదలచినాడు. అనేక పర్యాయాలు ప్రయత్నించినా కవి మత్తులోనే కనిపించినాడు. సైనికశాఖలోని పదాతి శిబిరపు వంటశాలలో మంచి మద్యం తయారవుతుందని, అక్కడ 300 హూల నిల్వ ఉన్నదని విని ఆ శిబిరాధిపత్యం కోరి తీసుకొన్నాడు. అనగా సుమారు ఆరువేల లీటర్లు. ఆ పదవి పేరే అతని రచనల సంపుటికి శీర్షిక అయినది. అంతకుముందు దుంగ్‌పింగ్ మండలానికి పాలకుడుగా వెళ్లి, గాడిదనెక్కి ప్రవేశించి, కచేరీ లోగోడలు పడగొట్టించి, లోపలివారూ వెలుపలివారూ ఒకరికొకరు కనబడేటట్లు చేసినాడు. శాసనాలను సులభం చేసి పదిరోజులకే తిరిగి వచ్చినాడు. మత్తుమందులో మతి పోయినవాని పని కాదిది.

అతనంత జాగ్రత్తపరుడు లోకంలో లేడని సీమా జావ్ స్వయంగా అభిప్రాయపడినట్లు 'షి ష్వో షిన్ యూ'లో ఉన్నది. ఇది చాల విలువైన సాక్ష్యం. ఆ మత్తు వెనుక ఉన్న మెలకువను ప్రభువు గుర్తించినాడన్నమాట. గుర్తించి ఊరకున్నాడు. త్రాగుబోతు ఎదిరించడు. ఎదిరించని పండితుడు కొలువులో ఉండడం ప్రభువుకు అలంకారం. ఇద్దరి నడుమ మాటలలో పెట్టని ఒప్పందం నడిచినదనుకోవడం అసంగతం కాదు. ఆ ఒప్పందానికి వెల ఎంతో 263లో తెలిసినది.

దానికి ముందు అతని సంగీతసిద్ధాంతాన్ని చూడవలె. అతడు సంగీతంపై ఒక శాస్త్రగ్రంథం వ్రాసినాడు. ప్రాచీన ఋషుల సంగీతం సమత్వాన్ని, ప్రశాంతిని కలిగించేదని, వికారాలను రేపే సంగీతం క్షుద్రమని అందులో ప్రతిపాదించినాడు. చిన్ నాదం విని దుఃఖంతో తలుపునానుకొని విలపించిన హాన్ చక్రవర్తి హ్వాన్‌ను ప్రస్తావించి, కన్నీటిని సంగీతఫలమని భావించడం భ్రమ అన్నాడు. కరుణను రసంగా గ్రహించి, శోకం నుండే శ్లోకం పుట్టినదని నమ్మే మనకు ఈ సిద్ధాంతం వింతగా తోచును. అంతకంటె వింత, ఆ సిద్ధాంతకర్తయే తన 82 పద్యాల ఆత్మగత కావ్యమాలను ఎట్లు ఆరంభించినాడన్నది. మొదటి పద్యంలో అతడు నడిరాత్రి నిద్రపట్టక లేచి కూర్చుండి చిన్ మీటుతున్నాడు. వెన్నెల, చల్లని గాలి, ఎక్కడో పక్షి అరుపు, మనసులో చెప్పరాని దిగులు. శాస్త్రంలో తాను నిషేధించిన దుఃఖవాదనాన్నే కావ్యంలో తాను చేసినాడు. మరొక విశేషం. ఆ పద్యంలో మద్యం లేదు. 82 పద్యాలలోనూ మద్యప్రసక్తి అత్యల్పం. ఒకానొకచోట మద్యం ఎదుట ఉన్నా మాట పెగలని దుఃఖమే వర్ణితం. అతని తరువాత రమారమి 150 ఏండ్లకు తావ్ యువాన్‌మింగ్ మద్యపానంపైనే 20 పద్యాల మాల కూర్చినాడు. అతడు మత్తులో తంత్రులు లేని చిన్‌ను నిమిరి ఆనందించేవాడని ప్రసిద్ధి. పానాన్ని ప్రేమించినవాడు దానిని పాడుతాడు. రువాన్ జీ పాడలేదు. పగలు లోకం ఎదుట త్రాగినది ఒకడైతే, రాత్రి ఏకాంతంలో వాయించినది మరొకడని అనిపిస్తుంది. కథలలో మద్యం అంత అధికంగా, వాదనం ఇంత స్వల్పంగా ఉండడానికి కారణం ఇదే కావచ్చు. మొదటిది పదిమంది చూడవలసినది, రెండవది ఎవరూ వినరానిది.

260లో యువచక్రవర్తి త్సావ్ మావ్ సీమా జావ్‌పై స్వయంగా కత్తి దూసి బయలుదేరి, రాజధాని ల్వోయాంగ్‌లో ప్రభువు అనుచరుని చేతిలో హతుడైనాడు. కొద్దికాలానికే, 262 ప్రాంతంలో, షీ కాంగ్‌కు మరణశిక్ష పడినది. జుంగ్ హ్వేను లెక్కచేయకపోవడం, ఉద్యోగం తిరస్కరిస్తూ షాన్ తావ్‌కు ఘాటైన లేఖ వ్రాయడం అతని అపరాధాలు. ఆ లేఖలోనే అతడు రువాన్ జీ స్వభావాన్ని మెచ్చుకొన్నాడు. ఇతరుల తప్పులు ఎన్నడూ ఎత్తని మంచివాడని, త్రాగుడు మితిమీరడం తప్ప వేరే దోషం లేదని, అయినా ఆచారవాదులు పగబట్టగా మహాసేనాధిపతియే కాపాడవలసి వచ్చినదని, తనకు అంత ఓర్పు లేదని దాని భావం. మూడువేల మంది విద్యార్థులు క్షమాభిక్ష అర్థించినా ఫలించలేదు. వధ్యస్థలంలో షీ కాంగ్ ఎండనీడను చూచి, చిన్ తెప్పించుకొని 'గ్వాంగ్ లింగ్ సాన్' అనే కృతిని వాయించినాడు. అది తనతోనే అంతరిస్తున్నదని మాత్రం చింతించినాడు. ఆ చేతులలో వణుకు ఉన్నట్లు ఎవరూ వ్రాయలేదు.

రువాన్ జీ బ్రతికి ఉన్నాడు. 263లో సీమా జావ్‌కు జిన్ రాజ్యాధిపత్యం, నవవిధ గౌరవాలు ఇవ్వజూపినారు. సింహాసన హరణానికి అది తొలిమెట్టు. ఆచారం ప్రకారం అతడు వలదన్నాడు. ఆచారం ప్రకారమే మంత్రులు వేడుకొనవలె. ఆ విజ్ఞాపనాన్ని వ్రాసే పని రువాన్ జీకి అప్పగించినారు. అతడు ఎప్పటివలెనే త్రాగి మరచిపోయినాడు. దూత వచ్చేసరికి బల్లపై వాలి నిద్రిస్తున్నాడు. కాని ఈసారి 60 దినాల గడువు లేదు. లేపినారు. ఒక్క అక్షరం దిద్దకుండా వ్రాసి ఇచ్చినాడు. ఆ శైలిని సమకాలికులు అద్భుతమన్నారు. 6వ శతాబ్ది నాటి 'వెన్ ష్వాన్' సంకలనంలో అది చేరి నిలిచినది. దిద్దుబాటు లేని ఆ ప్రతియే కవికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్తున్నదని కఠినవిమర్శకులంటారు. అంత మత్తులో అంత నిర్దుష్టంగా వ్రాయగలిగినవాడు వ్రాయకుండా కూడ ఉండగలిగేవాడే కదా అని వారి వాదం. ఈ వాదాన్ని పూర్తిగా త్రోసిపుచ్చలేము. వ్రాయకుండా ఉన్నవానికి ఏమి జరిగినదో అతడు ఏడాది క్రితమే చూచినాడని మాత్రం గుర్తుచేయవచ్చు. ఆ శీతకాలంలోనే అతడు మరణించినాడు. చైనీయ గణనలో వయస్సు 54. మూడేండ్లు తిరగకుండానే, తాను అల్లుడుగా వలదన్న సీమా యెన్ చక్రవర్తి అయినాడు.

కుమారుడు రువాన్ హున్ తండ్రివలె స్వేచ్ఛగా త్రాగి తిరుగవలెనని కోరగా అతడు వారించినాడు. అన్నకొడుకు రువాన్ షియెన్ ఇప్పటికే ఆ దారిన ఉన్నాడు గనుక నీవు రావలదన్నాడట. ఆ షియెన్ బంధువులతో పెద్ద తొట్టి చుట్టూ కూర్చుండి త్రాగుతుండగా పందులు వచ్చి మూతి పెడితే వాటితోపాటే త్రాగినాడని కథ. అయినా అతని శ్రుతిజ్ఞానం అసాధారణం. ఆస్థానంలో సవరించిన వాద్యాల శ్రుతి హెచ్చుగా ఉన్నదని కనిపెట్టి, ఆ సవరణ చేసిన అధికారి ఆగ్రహానికి గురియై దూరప్రాంతానికి బదిలీ అయినాడు. అతడు వాయించిన గుండ్రని బుర్ర గల వాద్యం అతని పేరిటనే రువాన్ అని నేటికీ చైనా వాద్యబృందాలలో వినిపిస్తున్నది.

1960లో నాన్‌జింగ్ సమీపాన ఒక ప్రాచీన సమాధిలో ఈ ఏడుగురి ఇటుకశిల్పం బయటపడినది. అందులో చిన్ ఉన్నది షీ కాంగ్ ఒడిలో. గుండ్రని వాద్యం షియెన్ చేతిలో. రువాన్ జీ చేతిలో ఏ వాద్యమూ లేదు, ఈల వేస్తున్నట్లు మలచినారు.

అతని పేరిట నిలిచిన చిన్ కృతి ఒకటి ఉన్నది. పేరు 'జ్యూ క్వాంగ్', అనగా మద్యోన్మాదం. 1425లో మింగ్ రాజకుమారుడు జు చ్వాన్ కూర్చిన 'షెన్ చీ మీ పూ' అనే స్వరసంపుటిలో ఇది లభిస్తున్నది. కర్తృత్వం సంప్రదాయమాత్రమే, 1,100 ఏండ్లకు పైబడిన వ్యవధానాన్ని దాటించి నిరూపించడానికి ఆధారం లేదు. కవి ఆనందం మద్యంలో లేదని, కాలం కలిసిరాక అందులో దాగినాడని జు చ్వాన్ పీఠికలో వివరించినాడు. చిన్ లిపిలో వ్రేళ్ల కదలిక ఉంటుందేగాని తాళం ఉండదు. 20వ శతాబ్దిలో యావ్ బింగ్‌యెన్ అనే విద్వాంసుడు దీనిని చిన్ సంగీతంలో అరుదైన త్ర్యస్రగతిలో పునరుద్ధరించినాడు. తూలే నడకవలె సాగి, చివరి ఖండంలో సిద్ధపురుషుడు మద్యాన్ని కక్కే ధ్వనిని అనుకరిస్తుంది. అదే మింగ్ యుగంలో వెలసిన చిన్ గ్రంథాలు ఆ వాద్యాన్ని ముట్టరాని 14 సందర్భాలను లెక్కించినవి. పిడుగులు పడేవేళ, గ్రహణవేళ, అంగడివీథి, న్యాయస్థానం మొదలైన వాటితోపాటు మద్యం త్రాగిన తరువాతి వేళ కూడ ఆ పట్టికలో ఉన్నది.